శీతాకాలం సగటు తీసేటప్పుడు డిసెంబర్‌ను ఎటు కలపాలి?

భారతదేశంలో 1901 నుంచి రుతువుల వారీగా గాలి ఉష్ణోగ్రత ఎలా మారిందో గ్రాఫ్ వేస్తున్నాను, ఒకచోట గట్టిగా ఇరుక్కుపోయాను, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. మన వాతావరణ శాఖ లెక్కలో శీతాకాలం అంటే జనవరి, ఫిబ్రవరి మాత్రమే, డిసెంబరేమో అక్టోబర్, నవంబర్‌తో కలిసి రుతుపవనాల తర్వాతి కాలంలోకి పోతుంది. కానీ బయటి దేశాల పేపర్లలో చాలావరకు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఒకే రుతువుగా తీసుకుంటారు, అప్పుడు 1901 శీతాకాలానికి 1900 డిసెంబర్ కావాలి, అది నా దగ్గరున్న డేటాలో లేదు. మొదటి ఏడాదిని వదిలేయడమే నయమా?

ఇంకోటి, సగటుతో తేడా చూపించడానికి 1961–1990 తీసుకోవాలా, 1991–2020 తీసుకోవాలా? రెండోది పెడితే ఈమధ్య సంవత్సరాల వేడి తక్కువగా కనిపిస్తోంది, ట్రెండ్ వాలు (ఏటా ఎంత చొప్పున పెరుగుతోందో) మారదని తెలుసు కానీ చూసేవాళ్లు గీతకన్నా ముందు రంగులే చూస్తారు కదా, అదే నా టెన్షన్. 2024లో దేశ సగటు 1991–2020 కన్నా 0.65 డిగ్రీలు ఎక్కువ, 1901 నుంచి అదే అత్యంత వేడి సంవత్సరం, ఇంత పెద్ద విషయం బొమ్మలో పలచబడకూడదు.

పగటి గరిష్ఠం, రాత్రి కనిష్ఠం విడివిడిగానే వేస్తున్నాను. వాలు లెక్కకు మామూలు రిగ్రెషన్ (బిందువుల మధ్యగా సరళరేఖ గీయడం) సరిపోతుందా, లేక సెన్ పద్ధతి (ప్రతి రెండు బిందువుల మధ్య వాలు తీసి, వాటిలో మధ్య విలువ తీసుకోవడం) వాడాలా?