బోరు పాయింట్ చూసే గుండు, గోడ గడియారం గుండు ఒకటేనా?

దేవరకొండ బత్తాయి రైతు:
అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు, నాలుగెకరాల బత్తాయి తోట. ఉన్న బోరు వట్టిపోయింది. రెండేళ్ళలో ఇంకో మూడు వేయిస్తే మూడింట్లోనూ దుమ్మే లేచింది. వాటిలో రెండు కొబ్బరికాయతో, ఒకటి వేపపుల్లతో చూసిన పాయింట్లు.

మొన్న మా నాయన ఇంకొకాయనను పిలిపించిండు. ఆయన సన్న గొలుసుకు ఇత్తడి గుండు కట్టి, రెండు వేళ్ళతో పట్టుకొని తోటంతా తిరిగాడు. తూర్పు గట్టు దగ్గరికి రాగానే గుండు గుండ్రంగా తిరగసాగింది. దగ్గరుండి చూశాను, ఆయన చెయ్యి కదల్లేదు. "ఇది పెండ్యులం, మీ గడియారంలో ఉండేదే, సైన్సే" అన్నాడు.

మా ఇంట్లో తాత కొన్న గోడ గడియారం ఉంది. అది ఈమధ్య రోజుకు మూడు నిమిషాలు వెనకబడుతోంది. నేను చదివింది పదో తరగతి వరకే. నిజంగా పెండ్యులం నీళ్ళు చూపిస్తుందా? మళ్ళీ అప్పు తేవాలి, టెన్షన్‌గా ఉంది.

నల్లగొండ ఫిజిక్స్ సారు:
తమ్ముడూ, ఆ అప్పు రెండు రోజులు ఆపు. ముందు ఇది చదువు.

31 ఏళ్ళు డిగ్రీ పిల్లలతో లోలకాల, అంటే పెండ్యులాల ప్రయోగాలు చేయించాను. మొదటి రోజు చెప్పే మాట ఒకటే: దారాన్ని స్టాండుకు బిగించండి, చేత్తో పట్టుకోవద్దు. చెయ్యి తగిలితే అది కొలిచేది భూమిని కాదు, మన చేతిని.

చెయ్యి కదల్లేదని నువ్వు చూసింది నిజమే. ఆయన మోసం చేశాడని కూడా నేను అనను. నీళ్ళున్నాయని మనసులో అనుకోగానే వేళ్ళలో మనకే తెలియనంత చిన్న కదలిక వస్తుంది. గుండు ఊగే లయకు అది కలిస్తే ఊపు పెరుగుతూ పోతుంది. ఫ్రాన్స్‌లో షెవ్రోల్ అనే కెమిస్ట్ తన చేతిలోని గుండు మీదే దీన్ని పరీక్షించి 1833లో రాశాడు. చేతికి ఆనిక పెట్టేకొద్దీ ఊపు తగ్గింది. కళ్ళకు గంతలు కట్టుకుంటే ఆగిపోయింది.

అలాగని లోలకానికి భూమి సంగతి తెలియదని కాదు. 1672లో రిషే అనే ఆయన పారిస్‌లో సరిచేసిన గడియారాన్ని భూమధ్యరేఖకు దగ్గరున్న కయెన్‌కు తీసుకెళ్తే, రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. అక్కడ భూమి లాగే బలం కాస్త తక్కువ. మన దేశంలోనూ 1860లలో బాసెవీ అనే సర్వే అధికారి ఊరూరా లోలకాలు ఊపి ఆ బలాన్ని కొలిచాడు. ఆ పని మీదే లడాఖ్ కొండల్లో ఉండగా 1871లో చనిపోయాడు. ఇక్కడ గమనించాల్సింది, వాళ్ళెవరూ గుండు ఎటు తిరిగిందని చూడలేదు, ఎంతసేపట్లో ఎన్నిసార్లు ఊగిందని లెక్కపెట్టారు. అదీ గంటల తరబడి. మన గ్రానైట్ పగుళ్ళలోని కాసిని నీళ్ళ వల్ల వచ్చే తేడా ఏ చేతి గుండుకూ అందదు.

లోలకాల్లో రకాలు చాలా ఉన్నాయి. దారానికి గుండు కడితే సామాన్య లోలకం. కడ్డీయే ఊగితే బార్ పెండ్యులం. తీగ మెలితిరిగి విప్పుకునేది టోర్షన్ పెండ్యులం, దానితో ఆ తీగ లోహం ఎంత గట్టిదో తేలుస్తాం. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఫూకో లోలకం. 1851లో ఫూకో అనే ఆయన పారిస్‌లో 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండు కట్టి, భూమి తిరగడాన్ని జనానికి చూపించాడు. ఢిల్లీలో కొత్త పార్లమెంటు భవనంలోనూ ఒకటుంది. అక్కడ దాని ఊగే దిక్కు ఒక చుట్టు తిరగడానికి సుమారు 50 గంటలు పడుతుంది, మన నల్లగొండలో అయితే 82 గంటలు.

నువ్వు చేయాల్సింది ఇదీ. మూడు పందిరి గుంజలు పైన కలిపి కట్టి, ఆ గట్టు మీదే నిలబెట్టు. అదే గొలుసు, అదే గుండు వేలాడదీసి గాలి తగలకుండా చుట్టూ పట్టా కట్టు. ఎవరూ ముట్టుకోవద్దు. నీళ్ళే తిప్పుతున్నాయంటే అప్పుడూ తిప్పాలి కదా.

పాలమూరు గడియారాల మెకానిక్:
సారు చెప్పాక బోరు సంగతి నేను చెప్పేదేముంది. గడియారం గురించి చెప్తా, అన్నా. గోడ గడియారాల్లో లోలకం మామూలుగా పావు మీటరు, అటూ ఇటూ కలిపి ఒక ఊపుకు ఒక సెకను. ఆ లెక్కన లోలకం చివర ఉండే బిళ్ళ ఒక మిల్లీమీటరు కిందికి జారితే చాలు, రోజుకు మూడు నిమిషాలు పోతాయి. మీది అదే అయి ఉంటుంది. బిళ్ళ కింద చిన్న నట్టు ఉంటుంది, దాన్ని తిప్పి బిళ్ళను వెంట్రుకవాసి పైకి లేపండి. ఒక రోజు చూసి మళ్ళీ తిప్పండి, తొందరపడొద్దు.

ఎండకాలం కడ్డీ సాగుతుంది, నిజమే. కానీ ఇనుప కడ్డీకి 25 డిగ్రీలు పెరిగినా రోజుకు 12 సెకన్లే తేడా, మూడు నిమిషాలు రావు. ఇంకోటి, కళ్ళు మూసుకొని వినండి. టిక్, టక్ మధ్య ఎడం సమానంగా ఉండాలి. కుంటుతున్నట్టు వినిపిస్తే గడియారం ఒక పక్కకు వాలినట్టు. పెట్టెను వేలితో కొంచెం జరిపితే సరిపోతుంది.

దేవరకొండ బత్తాయి రైతు:
సారూ, నిన్న పొద్దున కట్టించాను. ఆయన్నే పిలిచి, ఆయన చేతులతోనే గుండు వేలాడదీయించాం. గంటన్నర కూర్చున్నాం. కదల్లేదు. మళ్ళీ ఆయన చేతికిస్తే తిరిగింది. ఆయనే తన వేళ్ళ వైపు చాలాసేపు చూసుకున్నాడు. మా నాయన ఏమీ అనలేదు, గుంజలు విప్పి లోపల పెట్టిండు.

జియాలజిస్టుతో కరెంటు పంపి రాతిని చూసే సర్వే చేయించుదామంటే ఒప్పుకున్నాడు. గురువారం వస్తామన్నారు. మెకానిక్ అన్నా, నట్టు సగం చుట్టు తిప్పాను, ఇవాళ ఒక నిమిషమే వెనకుంది.