అప్‌డేట్: వినికిడి సమస్య గురించి ఇంటర్వ్యూలో చెప్పేశాను

హన్మకొండలో అకౌంట్స్ ఉద్యోగానికి వెళ్తున్నా, రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటాను, ఆ సంగతి ముందే చెప్పాలా అని అడిగాను కదా. చెప్పాను. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.

లోపల ఫ్యాన్ చప్పుడుకి మొదటి ప్రశ్నే సరిగ్గా వినపడలేదు. టెన్షన్ వచ్చింది. "సర్, నాకు వినికిడి తక్కువ. నా వైపు తిరిగి మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటాను" అన్నాను. ఆయన వెంటనే ఫ్యాన్ ఆపించి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. ఆ తర్వాత అంతా జీఎస్టీ, ట్యాలీ (అకౌంట్స్ సాఫ్ట్‌వేర్) గురించే.

"ఫోన్లు వస్తే ఎట్లా?" అని మేడమ్ అడిగారు. కస్టమర్లతో వాట్సాప్‌లో, మెయిల్‌లో మాట్లాడుకుంటానన్నాను. అది పని గురించిన ప్రశ్నే, న్యాయమైనదే. "పుట్టుకతోనేనా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని ఇంకొకాయన అడిగినప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది. దానికీ పనికీ ఏం సంబంధం?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు సంస్థలకు కూడా సమాన అవకాశాల పాలసీ ఉండాలని మీలో ఒకరు చెప్పారు. అది చదివి వెళ్లడం నాకు కొండంత ధైర్యం. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) మాత్రం ఎవరూ అడగలేదు.

ఉద్యోగం ఇస్తామన్నారు! ఫోన్ల పని వేరేవాళ్లకు అప్పగిస్తామన్నారు. ఆ మాట ఆఫర్ లెటర్‌లో రాసివ్వమని అడిగాను, లెటర్ ఇంకా రావాలి.