«రైటియస్‌నెస్»ను నీతి అనడం సరైనదేనా?

పదశోధకుడు: తెలుగు బైబిల్లో ఈ మాటకు «నీతి» అని వేశారు. నాకు నచ్చదు. నీతికి మూలం సంస్కృతంలోని «నీ» ధాతువు, అంటే నడిపించడం. రాజనీతి, దండనీతి అన్నప్పుడు అందులో నేర్పు ధ్వనిస్తుంది, మంచితనం కాదు. ఇంగ్లీషు మాట పాత రూపం «రిహ్ట్‌వీస్», సరైన తీరు గలవాడు అని. «ధృ» ధాతువు నుంచి వచ్చిన ధర్మమే దీనికి తగినది.

లత: ధర్మం అంటే వర్ణధర్మం, కులధర్మం గుర్తుకొస్తాయి. వద్దు.

సుజాత: ఇంగ్లీషు వ్యుత్పత్తి మనకెందుకు? మూలం హీబ్రూ. అక్కడి మాట «త్సెదాకా». ద్వితీయోపదేశకాండం 24:13 చూడండి. పేదవాడు తాకట్టు పెట్టిన దుప్పటిని పొద్దు గుంకే వేళకు తిరిగి ఇస్తే, అది నీకు నీతి అవుతుంది అంటుంది. గ్రీకు అనువాదకులు అక్కడ దయాదానం అనే మాట వాడారు. తరువాతి యూదుల వాడుకలో త్సెదాకా అంటే దానమే.

పదశోధకుడు: అయితే నా మాటే నెగ్గింది. మనమూ «ధర్మం చేయండి» అని అడుగుతాం కదా! «నీ» ధాతువు గురించి మాత్రం ఎవరూ జవాబివ్వలేదు.

ప్రసాద్: ఒక్క వచనం పట్టుకుని నీతిని దానధర్మాలకు దించకండి. ఆదికాండం 15:6లో అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది. అక్కడ దుప్పటి లేదు, దానం లేదు. నీతి దేవుని ముందు మనిషి స్థితి. సుజాత గారూ, మీరు లెక్కల పుస్తకం చదువుతున్నట్టుంది.

సుజాత: లెక్కే, ప్రసాద్ గారూ. మా నాన్నగారు అప్పు పూర్తిగా తీర్చినా, ఒక పెద్దమనిషి మా ఇంటి కాగితాలు తిరిగి ఇవ్వలేదు. ఆయన పోయినప్పుడు «నీతిమంతుడు» అని అందరూ పొగిడారు. ప్రార్థన ఏనాడూ తప్పలేదట. మా అమ్మ ఆ మాట వింటూ కూర్చుంది. దేవుని ముందు ఆయన స్థితి ఏమిటో నాకు తెలియదు, మా ముందు ఆయన బాకీదారు. మీరు చెప్పే నీతిలో మా అమ్మకు చోటు ఎక్కడ?

లత: ఇంతసేపూ ధాతువుల గురించి కొట్లాడుకున్నాం. అసలు తగాదా ఇదన్నమాట.

పదశోధకుడు: ధాతువులు తేలితేనే ఇదీ తేలుతుంది.

ప్రసాద్: కాగితాల సంగతి తెలియక అన్నాను, క్షమించండి. ఆ మనిషిని నేను సమర్థించను. ఆమోసు 5:24లో నీతి ప్రవాహంలా పారాలన్నదీ నాకు తెలుసు. కానీ మన పనుల వల్లనే నీతి వస్తే, ఏమీ ఇవ్వలేని నిరుపేద ఎప్పటికీ నీతిమంతుడు కాలేడు. అందుకే 15:6 దగ్గర నా మాట మార్చుకోను.

సుజాత: నిరుపేదను ఇవ్వమని ఎవరు అడిగారు? దుప్పటి అతనిదే.