పార్కు రిసార్టుల్లో "అడవి" గదులు: పిల్లలకు ఏమైనా దక్కుతుందా, డబ్బు దండగా?

పుంగనూరు పిల్ల (మారతహళ్లి)
వేసవి సెలవులకు పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్దామా అని వెతుకుతుంటే అన్నీ ఒకటే రకం ప్రకటనలు. చెట్టు మీద ఇల్లు, గుడారం గది, అడవిలా అలంకరించిన భోజనశాల. మా ఆయన "అంతా సెట్టింగు, డబ్బు దండగ" అంటున్నారు. నాకు అలా అనిపించదు. 2014లో ఆన్‌సైట్ మీద ఫ్లోరిడాలో ఉన్నప్పుడు అమ్మానాన్నల్ని డిస్నీ వాళ్ల యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌కి తీసుకెళ్లాను. 2001లో తెరిచిన హోటల్ అది. బాల్కనీ ముందే గడ్డి మైదానం, అందులో జిరాఫీలు, జీబ్రాలు. తెల్లారకముందే నాన్న లేచి పంచెతోనే బాల్కనీలో నిలబడ్డాడు. పెద్ద కొమ్ములుండే ఆఫ్రికా జాతి అంకోలే ఆవు కనిపించగానే నన్ను లేపాడు. "కొమ్ములు చూడు పాపా, మన పుంగనూరు ఆవంత ఉన్నాయి!" అన్నాడు. మీకూ ఇలాంటి జ్ఞాపకాలున్నాయా?

సీమ వేపచెట్టు
మీ ఆయన మాటే నిజమండీ. నిరుడు హోసూరు దాటాక ఒక రిసార్టుకి వెళ్లాం. రాత్రి వరండాలో కూర్చుంటే కీచురాళ్ల చప్పుడు. మా చిన్నోడు మురిసిపోయాడు. సరిగ్గా పదింటికి టక్కున ఆగిపోయింది. పొద్దున చూస్తే అది బండరాయి రంగేసిన స్పీకరు, అడుగున నల్ల వైరు. భోజనశాల మధ్యలో మర్రిచెట్టు ఉంది, గోరుతో గీకితే సిమెంటు. ఊడలు కొబ్బరి తాళ్లు. మనం ఇంట్లో తినే రాగిసంగటిని ఆకులో పెట్టి "అడవి భోజనం" అన్నారు.

హెచ్‌ఎస్‌ఆర్ బావ
స్పీకరు కాదేమో అన్నా, దోమల మిషనేమో.

సీమ వేపచెట్టు
స్పీకరే. ఈ చేతుల్తో ఎత్తి చూశాను.

పుంగనూరు పిల్ల
ఒక్క చోట మోసపోతే అన్నీ అంతేనా? నేను చెప్పే చోట ముప్పైకి పైగా జాతుల జంతువులు, పక్షులు ఉన్నాయి, అన్నీ ప్రాణమున్నవే. గది తీసుకోకపోయినా, అక్కడి బోమా అనే హోటల్లో తినడానికి వచ్చినవాళ్లు కూడా బయట గుట్ట మీద నిలబడి చూడొచ్చు. ఆ బోమాలో పొద్దున తెల్ల మొక్కజొన్న పిండితో చేసిన పాప్ అనే ఆఫ్రికా వంటకం పెట్టారు. అప్పటిదాకా బ్రెడ్డుతో వేగలేక అవస్థ పడుతున్న నాన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "ఇది మన సంగటే కదా" అని రెండోసారి వడ్డించుకున్నాడు. ఆఫ్రికా వాళ్లూ మనలాగే తింటారని ఆయనకు తెలిసింది ఆ రోజే.

సీమ వేపచెట్టు
ఆ డిస్నీ వాళ్లే 1994లో తెరిచిన వైల్డర్‌నెస్ లాడ్జ్‌లో వేడినీటి బుగ్గ కూడా ఉంది. అమెరికాలోనే ఎల్లోస్టోన్ పార్కులో భూమిలోంచి వచ్చేదాన్ని ఆ లాడ్జ్‌లో మిషన్లు పెట్టి చిమ్మిస్తారు. ఫ్లోరిడాలో జిరాఫీ కూడా అంతే. నా స్పీకరు కంటే పెద్ద స్పీకరు, అంతే తేడా.

కబ్బన్ పార్క్ వాకర్
అక్కా, నిజమైన అడవే కావాలంటే జంగిల్ లాడ్జెస్ చూడండి. 1980లో మొదలైన కర్ణాటక ప్రభుత్వ సంస్థ. కబినిలో ఉంది, దగ్గర్లో కావాలంటే బన్నేరుఘట్టలోనూ క్యాంపు ఉంది. కోతులొస్తాయి, గది తలుపు గడియ మరచిపోవద్దు.

హెచ్‌ఎస్‌ఆర్ బావ
స్పీకరున్నా, బయట నిజమైన కీచురాళ్లూ అరిచి ఉండొచ్చు కదా?

సీమ వేపచెట్టు
పదింటికి అన్నీ ఒకేసారి నోరు మూసుకుంటాయా? వాన పడ్డాక తెల్లార్లూ అరుస్తాయి. మామిడి తోటలో మంచమేసుకుని పడుకున్నవాణ్ణి, నాకు చెప్పొద్దు.

పుంగనూరు పిల్ల
ఎంతసేపూ స్పీకరేనా? నేను మా నాన్న గురించి రాశాను, మీరు వైరు గురించి రాస్తున్నారు. కరువులో మా భూమి పోయింది. నాన్న 2008లో మా దగ్గరికి, మూడో అంతస్తు ఫ్లాటుకి వచ్చేశాడు. పశువుల మధ్య పుట్టి పెరిగిన మనిషి, ఇక్కడ ఆవుని దగ్గరగా చూసిందే తక్కువ. ఆ బాల్కనీలో గంటసేపు కదలకుండా నిలబడ్డాడు. 2019లో పోయాడు. అది సిమెంటు చెట్టూ ఒకటేనా? తోట ఉన్నవాళ్లు మీరు. మరి పిల్లల్ని తోటకి తీసుకెళ్లకుండా రిసార్టుకి ఎందుకు తీసుకెళ్లారు?

మోడరేటర్
ఇంటి విషయాల్లోకి వెళ్లొద్దు. ఇద్దరికీ మనవి.

సీమ వేపచెట్టు
అడిగారు కాబట్టి చెబుతున్నాను. తోట ఇప్పుడు లేదు. నిరుడు మా అన్న మూడెకరాలూ అమ్మేశాడు, ప్లాట్లు వేశారు. అంతకుముందు మూడు వేసవులు పిల్లలు రామన్నారు. కరెంటు ఉండదు, సిగ్నల్ రాదు అన్నారు. అమ్మ ప్రతిసారీ వరిగడ్డిలో కాయలు మాగేసి, మేం వస్తామని ఎదురు చూసి, చివరికి పక్కింటి పిల్లలకు పంచేది. బలవంతంగానైనా కారెక్కించాల్సిన ఆ మూడేళ్లూ నేను ఆఫీసులో రిలీజులని, ఆన్‌కాల్ అని ఇక్కడే ఉండిపోయాను. ఆ పిల్లాడే రిసార్టులో ఆ రాతి పక్కన కూర్చుని "నాన్నా, ఎంత బాగుందో, ప్రతి సంవత్సరం వద్దాం" అన్నాడు.

పుంగనూరు పిల్ల
తెలియక అనేశాను అన్నా, ఏమీ అనుకోవద్దు. అది స్పీకరని వాడికి చెప్పారా?

సీమ వేపచెట్టు
పొద్దున్నే ఎత్తి చూపించాను. ఏడ్చాడు.

పుంగనూరు పిల్ల
ఎందుకన్నా చూపించడం? వాడికి బాగున్న రాత్రిని పాడు చేశారు.

సీమ వేపచెట్టు
చూపించకపోతే కీచురాయంటే అదే అనుకుంటాడు. నా కొడుకు అలా పెరగడం నాకు ఇష్టం లేదు. మీరు మంచి జ్ఞాపకం అంటున్నారు, నేను అబద్ధం అంటున్నాను. ఇందులో మనకు కుదరదు.

పుంగనూరు పిల్ల
కుదరకపోతే పోనీ. కానీ మా నాన్న మోసపోయి మురిసిపోలేదు. జంతువులు దాటి రాకుండా ఆ గడ్డి వెనకాల ఎక్కడో కందకం తవ్వి ఉంటారని, నేల వాలు చూసి నాకు చెప్పింది ఆయనే. చెప్పి, మళ్లీ ఆ ఆవు వైపే తిరిగాడు. ఎండ ఎక్కి, అమ్మ టిఫిన్‌కి పిలిచేదాకా అక్కడి నుంచి కదల్లేదు.