కథ ఓడలో మొదలవ్వాలా, ఒడ్డున మొదలవ్వాలా?

చుక్కాని:
అందరికీ నమస్కారం. ఏడాదిన్నరగా ఒక సాహస నవలతో కుస్తీ పడుతున్నాను. 1853లో అమెరికా నౌకాదళాధికారి పెర్రీ నాలుగు యుద్ధనౌకలతో ఎడో అఖాతం మొదట్లోని ఉరగాకు వచ్చినప్పటి కథ. ఎడో అంటే ఇప్పటి టోక్యో. మా హీరో 'మిసిసిపీ' ఓడలో కొలిమికి బొగ్గు వేసే పంతొమ్మిదేళ్ల కుర్రాడు. మూడో అధ్యాయంలో బండి ఆగిపోయింది. ఎందుకో ఇన్నాళ్లకు తెలిసింది: వాడికి ఏమీ అర్థం కాదు. పడవలు చుట్టుముడతాయి, జనం అరుస్తారు, వాడు చూస్తూ ఉంటాడు. వాడితో పాటు నేనూ చూస్తూ ఉంటాను.

ఆ జూలై 8న నిజంగా జరిగింది ఇదీ. ఒక పడవ పెర్రీ ఉన్న 'సస్కెహానా' ఓడ పక్కకు వచ్చింది. అందులోంచి హోరి తత్సునొసుకే అనే దుబాసీ, తనకు డచ్చి భాష వచ్చని ఇంగ్లీషులో కేకేశాడు. ఓడలో పోర్ట్‌మన్ అనే డచ్చి దుబాసీ ఉన్నాడు కాబట్టి మాట కలిసింది. జపనీసు డచ్చిలోకి, డచ్చి ఇంగ్లీషులోకి, మళ్లీ అదే దారిన వెనక్కి. పెద్ద అధికారి వస్తే తప్ప ముఖం చూపించనని పెర్రీ గదిలోనే కూర్చున్నాడు. హోరితో వచ్చిన నకజిమా చిన్న ఉద్యోగి, ఉరగా ఉపపాలకుడినని చెప్పుకుని ఓడెక్కాడు. దాక్కున్నవాడొకడు, హోదా పెంచుకున్నవాడొకడు, మధ్యలో ఇద్దరు దుబాసీలు. ఇంతకన్నా టెన్షన్ ఎక్కడ దొరుకుతుంది?

రాసిన డెబ్బై పేజీలు పక్కన పడేసి, దుబాసీ కళ్లతో మళ్లీ మొదలెడదామని ఉంది. ఏమంటారు?

లంగరు:
వద్దండీ. సాహస కథ అంటేనే తెలియని చోటికి పోవడం. మీ దుబాసీకి చాప మీద ఎలా కూర్చోవాలో తెలుసు, ఎవరి ముందు ఎంత వంగాలో తెలుసు. తెలిసినవాడు ఆశ్చర్యపోడు. ఆశ్చర్యపోనివాడి వెంట పాఠకుడు ఎందుకు నడుస్తాడు? తెలుగు పాఠకుడికీ జపాన్ కొత్తే. కొత్తవాడికి తోడు కొత్తవాడే ఉండాలి.

విలియం ఆడమ్స్‌ను చూడండి. 1598లో రాటర్‌డామ్ నుంచి ఐదు ఓడలు బయల్దేరితే, 1600 ఏప్రిల్‌లో జపాన్ చేరింది 'లీఫ్డె' ఒక్కటే. మిగిలినవాళ్లు సుమారు పాతిక మంది, అందులో కాళ్ల మీద నిలబడగలిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఓడకు దారి చూపే ఈ ఇంగ్లీషు మాలిమికి అక్కడ మొదట దొరికిన దుబాసీ ఒక పోర్చుగీసు పాద్రీ. వీళ్లు సముద్రపు దొంగలని ప్రచారం చేస్తున్నది ఆ పాద్రీ పక్షమే. నీ ప్రాణం నీ శత్రువు నాలుక మీద ఉంది! అలాంటివాడు జపాన్ ఏలిక తొకుగవా ఇయెయాసు మెప్పు పొంది, మియురా ద్వీపకల్పంలో జాగీరు సంపాదించి, 1620లో అక్కడి హిరాడో రేవులో కన్ను మూశాడు. ఇంతకు మించిన హీరోను చూపించండి, నోరు మూసుకుంటాను.

బందరు లడ్డు:
లంగరు గారూ, మీరు తెచ్చిన సాక్షి అవతలి పక్షానికి సాక్ష్యం చెబుతున్నాడే! ఆ పాద్రీ ఏం తర్జుమా చేస్తున్నాడో తెలియకపోవడం వల్లే కదా ఆడమ్స్ కథలో గుండె దడదడలాడేది. అక్కడా కీలకం దుబాసీ దగ్గరే ఉంది.

అయినా తెలుగు పాఠకుడు ఓడలోంచే ఎందుకు చూడాలండీ? 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ 'గ్లోబ్' మా బందరు రేవుకు వచ్చింది. రెండేళ్లకు అదే కంపెనీ 'క్లోవ్' హిరాడో చేరింది. మనవాళ్లు ఒడ్డున నిలబడి చూసిన జనం. దుబాసీ అనే మాటకు మనకు అర్థం చెప్పక్కర్లేదు కూడా. ఓడెక్కి వచ్చినవాడే 'మనవాడు' అని ఎప్పుడు అనుకోవడం మొదలెట్టామో గానీ, నాకు మాత్రం ఆ అలవాటు లేదు.

పాత నాణెం:
బందరు పోలిక కొంతవరకే నడుస్తుంది. జపాన్ వచ్చినవాళ్లను చూసి ఊరుకోలేదు, తలుపేసుకుంది. పోర్చుగీసువాళ్లను 1639లో గెంటేసి, 1641లో డచ్చివాళ్లను నాగసాకిలోని దెజిమా అనే చిన్న కృత్రిమ దీవికి తరలించింది. మన కోస్తాకు డచ్చివాళ్లు అమ్మకానికి తెచ్చిన రాగి ఆ గుమ్మంలోంచి వచ్చిందే. అది వేరే నవల.

ఇంకో మాట. నవలలో 1853ను జపాన్‌కు పడమటివాళ్లతో 'తొలి పరిచయం' అనకండి. తొలి పరిచయం 1543లో, తనెగషిమా దీవిలో. చైనా ఓడలో వచ్చిన పోర్చుగీసువాళ్లతో మాట్లాడే దారి లేక, ఓడలోని ఒక చైనా మనిషి ఇసుకలో అక్షరాలు రాసి ఊరివాళ్లతో సంభాషించాడని చెబుతారు. ఆ దీవి యువ ప్రభువు రెండు తుపాకులు కొన్నాడు. వాటిని చూసి కమ్మరులు కొత్తవి తయారు చేశారు. అక్కడా ముందు వచ్చింది దుబాసీయే, తుపాకీ తర్వాత.

చుక్కాని గారికి ఒక హెచ్చరిక. పెర్రీ నల్ల ఓడలను చూసి దేశమంతా నోరెళ్లబెట్టిందని రాయకండి. అమెరికా ఓడలు రాబోతున్నాయని డచ్చివాళ్లు 1852లోనే కబురు పెట్టారు. పైవాళ్లకు తెలుసు, ఏం చేయాలో తేల్చుకోలేదు. నోరెళ్లబెట్టింది బెస్తవాళ్లు, బజారు జనం. డచ్చివాళ్లు తెచ్చే కబుర్లను తర్జుమా చేసేది నాగసాకి దుబాసీలే. ఏడాది ముందే తెలిసి, ఇంట్లో పెళ్లాంతో కూడా చెప్పలేని మనిషి. ఇక ఆశ్చర్యం ఎందుకండీ, లంగరు గారూ? భయం చాలదా?

నిద్రమబ్బు:
ఎడో జనం కట్టిన చాటువు అని ఒకటి చెబుతారు. 'జోకిసెన్' అంటే ఆవిరి ఓడ. అదే పలుకుతో ఒక మేలురకం టీ కూడా ఉంది. నాలుగంటే నాలుగు కప్పులకే రాత్రంతా నిద్ర పట్టలేదట! హీరో ఎవరైనా నాకు అభ్యంతరం లేదు, ఇది మాత్రం వదలొద్దు.

లంగరు:
భయం పాయింట్ ఒప్పుకుంటున్నాను. అయితే మధ్యేమార్గం: మంజిరో. జపాన్‌లోని తోసా తీరంలో బెస్త కుర్రాడు. 1841లో పద్నాలుగేళ్లప్పుడు తుఫానులో కొట్టుకుపోయి, తొరిషిమా అనే నిర్జన దీవిలో చిక్కుకుంటే, అమెరికా తిమింగల వేట ఓడ ఎక్కించుకుంది. మసాచుసెట్స్‌లో చదివాడు, కాలిఫోర్నియాలో బంగారం తవ్వాడు, 1851లో చావుకు తెగించి వెనక్కి వచ్చాడు. ఓడా వాడిదే, ఒడ్డూ వాడిదే. 1854 జపాన్-అమెరికా సంధి చర్చల్లో వాణ్ని దుబాసీగా కూర్చోబెట్టండి, క్లైమాక్స్ రెడీ.

పాత నాణెం:
కూర్చోబెట్టలేదండీ! ఎడోకు పిలిపించారు, హోదా ఇచ్చారు. కానీ తనను పెంచిన అమెరికా వైపు మొగ్గుతాడేమోనన్న అనుమానంతో చర్చల దరిదాపులకు రానివ్వలేదు. ముఖ్యంగా మితో ప్రభువు నరియాకికి ఆ అనుమానం.

లంగరు:
నవల అండీ ఇది, పదో తరగతి పాఠం కాదు. ఒక కుర్చీ వేస్తే చరిత్రకు వచ్చే నష్టమేంటి?

బందరు లడ్డు:
నష్టం చరిత్రకు కాదు, మీ కథకే. అమెరికావాళ్లతో నేరుగా వాళ్ల భాషలో మాట్లాడగలిగినవాణ్ని తలుపు బయట నిలబెట్టి, లోపల డచ్చిలో తంటాలు పడ్డారు. మీరు కుర్చీ వేసిన మరుక్షణం వాడు మామూలు హీరో అయిపోతాడు. బయటే ఉంచండి.

చుక్కాని:
నేనూ బయటే ఉంచుతాను. అయితే నాకు దొరికిన మనిషి ఇంకొకరు, మొరియమా ఎయినొసుకే. నాగసాకి దుబాసీ, 1854 చర్చల్లో ముఖ్యుడు. అతనికి ఇంగ్లీషు నేర్పింది ఒక ఖైదీ! పేరు రానల్డ్ మెక్‌డొనాల్డ్. తండ్రి స్కాట్లండ్‌వాడు, తల్లి అమెరికా పసిఫిక్ తీరంలోని చినూక్ తెగ మనిషి. 1848లో కావాలనే రిషిరి దీవి దగ్గర తన పడవ తిరగేసుకుని, ఓడ పగిలినవాడిలా ఒడ్డుకు చేరాడు. పట్టుకుని నాగసాకిలో బంధిస్తే, అక్కడే పద్నాలుగు మంది దుబాసీలకు పాఠం చెప్పాడు. లంగరు గారి కొత్తవాడూ, నా తెలిసినవాడూ ఒకే గదిలో కూర్చున్నారు. మొదటి అధ్యాయం ఇదే.

చివర ఏముందో చెప్పనా? సంధిలోని 11వ అంశం. ఇంగ్లీషు ప్రతిలో, రెండు ప్రభుత్వాల్లో ఏ ఒక్కటి అవసరమనుకున్నా జపాన్ రేవు షిమొదాలో అమెరికా కాన్సుల్ ఉండొచ్చు. జపనీసు ప్రతిలో ఇద్దరూ అవసరమనుకుంటేనే. 1856లో హారిస్ అనే కాన్సుల్ నిజంగానే దిగితే షిమొదా అధికారులు బిత్తరపోయారు.

ఇక అసలు చిక్కు. జపాన్ దుబాసీల డచ్చి రెండు వందల యాభై ఏళ్ల కిందటి ఓడ కప్తానుల, వర్తకుల డచ్చి అని ఆ హారిసే రాసుకున్నాడు. కొత్త మాట ఒక్కటీ చేరలేదట. దాన్ని తెలుగులో ఎలా వినిపించాలి? గ్రాంథికం పెడితే?

లంగరు:
గ్రాంథికం పండితులది. వీళ్లది సరుకు దించేవాళ్ల భాష. మా తాతగారి పెట్టెలో పాత క్రయ దస్తావేజులు ఉన్నాయి. 'వ్రాయించి ఇచ్చిన క్రయచీటీ ఏమనగా' అని మొదలవుతాయి. ఆ భాష పెట్టి చూడండి. నేను ఓడిపోయానని మాత్రం అనుకోకండి, మెక్‌డొనాల్డ్ నావాడే.

చుక్కాని:
రాత్రి కూర్చుని ప్రయత్నించాను:

"తమరు తెచ్చిన అగ్నినౌకలు యీ రేవున నిలుపుటకు హక్కు యేమాత్రమున్ను లేదు గనుక, తక్షణం నాగసాకికి మరల్చుకోవలసినది" అన్నాడు హోరి. ఓడ మీది డచ్చివాడు ఒక్క క్షణం ఆగాడు. వాళ్ల ముత్తాత మాట్లాడినట్టు ఉంది.

బందరు లడ్డు:
దస్తావేజు బాగా పలికింది. 'అగ్నినౌక' తీసేయండి, అది పురాణంలోంచి వచ్చినట్టుంది. మా నాయనమ్మ 'పొగఓడ' అనేది.