‘వెరోనికా’ చివర్లో చూపించే పోలీసు రిపోర్టులో నిజమెంత?

అందరికీ నమస్కారం. ఆదివారం రాత్రి నేనూ, ఇంటర్ చదివే మా చెల్లీ 2017లో వచ్చిన స్పానిష్ సినిమా ‘వెరోనికా’ చూశాం. పాకో ప్లాసా తీశాడు. కథ 1991లో, మాడ్రిడ్‌లోని వల్లెకాస్‌లో జరుగుతుంది. తండ్రి చనిపోయాడు, తల్లి బార్‌లో పనిచేస్తూ ఇంటిపట్టున ఉండదు. తమ్ముడినీ ఇద్దరు చెల్లెళ్లనూ పదిహేనేళ్ల వెరోనికాయే సాకుతుంది. స్నానాలు, తిండి, బడి అన్నీ తనవే. గ్రహణం రోజు నాన్నని పిలుద్దామని స్నేహితురాళ్లతో స్కూల్ నేలమాళిగలో ఓయిజా బోర్డు (చనిపోయినవాళ్ల ఆత్మలతో మాట్లాడొచ్చని నమ్మే అక్షరాల పలక) ముందు కూర్చుంటుంది. అక్కడి నుంచే మొదలు. నన్నైతే దయ్యం కంటే ఆ పిల్ల ఒంటరితనమే ఎక్కువ కలచివేసింది.

చివర్లో పోలీసు రిపోర్టు, ఫొటోలు చూసేసరికి చెల్లి హడలిపోయింది. మూడు రోజులుగా రాత్రి లైటు ఆర్పనివ్వడం లేదు. "నిజంగా జరిగిందట కదక్కా" అని ఒకటే టెన్షన్.

ఈ సినిమాకు ఆధారమైన వల్లెకాస్ కేసు నిజంగానే ఉంది, కానీ పోలీసులు ఆ కేసులోని అమ్మాయి ఇంటికి వెళ్లింది 1992 నవంబరులో, అప్పటికే ఆ అమ్మాయి చనిపోయిందని చెప్పాను. 1991లో సంపూర్ణ సూర్యగ్రహణం జూలై 11న హవాయి, మెక్సికోల్లో కనిపించింది, మాడ్రిడ్‌లో కాదని కూడా చెప్పాను. అయినా తను నమ్మడం లేదు.

స్పానిష్ వచ్చినవాళ్లు ఎవరైనా ఆ అసలు రిపోర్టు చదివారా? అందులో పోలీసులు కళ్లారా చూసిందేంటి, ఇంట్లోవాళ్లు చెబితే రాసుకుందేంటి? విడదీసి చెప్పగలిగితే చెల్లికి చదివి వినిపిస్తాను. ఇలాంటి భయం పోవడానికి మీ ఇళ్లలో ఏం చేశారో కూడా దయచేసి చెప్పండి.