1992 మియాటా: క్లచ్ జారుతోందా, నాకే అలా అనిపిస్తోందా?

ఎర్రబండి (డాలస్)
మూడు నెలల కిందట కొన్న మాజ్దా మియాటా. 1.6 లీటర్ల ఇంజను, 1,38,000 మైళ్లు తిరిగింది. ఐదో గేరులో 65 మైళ్ల వేగం మీద యాక్సిలరేటర్ అదిమితే టాకోమీటర్ (ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) ముల్లు 3,500 నుంచి 4,500కు లేస్తోంది. వేగం మాత్రం ఉన్నచోటే ఉంటోంది. కాలు తీస్తే సర్దుకుంటుంది. ఊళ్లో తిరిగినంతసేపూ ఏ లోపమూ తెలియదు. పెడల్ దాదాపు పూర్తిగా పైకి వచ్చాక గానీ క్లచ్ పట్టడం లేదు. ఇది క్లచ్చేనా? గేరుబాక్సు దించకుండా తేల్చుకునే దారి ఉందా? వచ్చే శనివారం హ్యూస్టన్‌లో మా అక్క గృహప్రవేశం, 240 మైళ్లు. ఈ బండిలో వెళ్లవచ్చా?

గ్రీజుచేతులు (న్యూజెర్సీ)
స్లేవ్ సిలిండర్. పెడల్ తొక్కితే ద్రవం ఒత్తిడితో క్లచ్‌ను విడదీసే చిన్న సిలిండర్ అది. ఇంకేమీ చూడనక్కరలేదు. నా బండికి ఇప్పటికి మూడు మార్చాను. రబ్బరు బూటు లాగి చూడండి, లోపల తడి ఉంటే అదే. రెండు బోల్టులు, అరగంట పని.

తీరికలేనివాడు (మెల్‌బోర్న్)
అది వేరే జబ్బు. స్లేవ్ సిలిండర్ కారితే పెడల్ నేలకు దిగిపోతుంది, క్లచ్ పూర్తిగా విడవదు, రివర్స్ వేయబోతే పళ్లు కరకరలాడతాయి. ఈయనది విడవని క్లచ్ కాదు, పట్టని క్లచ్. కడుపునొప్పి అని వస్తే కళ్లజోడు రాసి ఇస్తున్నారు మీరు.

గ్రీజుచేతులు
మూడు మార్చినవాడికి తెలియనిది మీకు తెలిసిందన్నమాట.

తీరికలేనివాడు
మూడు ఎందుకు మార్చవలసి వచ్చిందో ఒకసారి ఆలోచించండి.

వాల్తేరు మేస్త్రి (విశాఖపట్నం)
నాయనలారా, మీరు పుట్టకముందు నుంచి అంబాసిడర్లు, పద్మినులు విప్పిన చేతులు ఇవి. క్లచ్ జారుడు పట్టుకోవడానికి ఇంత చర్చ ఎందుకు? చేతిబ్రేకు బిగించు, మూడో గేరు వెయ్యి, కొంచెం రేస్ ఇచ్చి క్లచ్ వదులు. ఇంజను వెంటనే ఆగిపోతే క్లచ్ బాగున్నట్టు. ఆగకుండా తిరుగుతూనే ఉంటే పోయినట్టు. మేము సింహాచలం కొండ ఎక్కించి వాసన చూసి చెప్పేవాళ్లం, కంప్యూటర్లు పెట్టి కాదు.

తీరికలేనివాడు
మేస్త్రి గారూ, పరీక్ష మంచిదే. మియాటా కూడా వెనక చక్రాల బండే కాబట్టి చేతిబ్రేకు ఆపేది ఇంజను తిప్పే చక్రాలనే. ముందు చక్రాల బండిలో అయితే ఆ పరీక్షను అంతగా నమ్మలేం. కానీ ముప్ఫై ఏళ్లు దాటిన బండిలో చేతిబ్రేకు గట్టిగా పట్టకపోతే బండి ముందుకు దూకుతుంది. ఎదురుగా గోడ లేకుండా చూసుకోవాలి. పైగా జారే క్లచ్‌ను అలా పట్టి ఉంచితే ఫ్లైవీలు (ఇంజను వెనక క్లచ్ పట్టుకునే చక్రం) కాలుతుంది. ఒక్కసారి, రెండు సెకన్లు, చాలు.

వాల్తేరు మేస్త్రి
గోడ మాకూ కనిపిస్తుంది బాబూ.

పొద్దుతిరుగుడు (ఎడిసన్)
ఇంత దూరం వచ్చాక ఎలాగూ గేరుబాక్సు దించుతారు. దించినప్పుడు క్రాంక్ (ఇంజను ఇరుసు) వెనక ఆయిల్ సీలు తప్పకుండా మార్చండి. నాకు ఒక వర్క్‌షాపులో క్లచ్ సెట్టు మొత్తం వేసి, ఆ సీలు మాత్రం వదిలేశారు. 4,000 మైళ్లకే ఇంజను ఆయిల్ కారి కొత్త క్లచ్ ప్లేటు తడిసింది. మళ్లీ జారుడు, మళ్లీ దించుడు, మళ్లీ కూలి. సీలు ఖరీదు రెండు కాఫీలంత. ఆ బిల్లు ఇప్పటికీ ఫ్రిజ్ మీద అతికించి ఉంచాను, కోపం తగ్గకుండా. పైలట్ బేరింగు, రిలీజ్ బేరింగు కూడా. గేరు ఆయిల్ జీఎల్-4 రకం పోయండి.

గ్రీజుచేతులు
జీఎల్-4 ఎందుకు? జీఎల్-5 దానికంటే మేలైనది. అంకె చూస్తేనే తెలుస్తుంది కదా.

పొద్దుతిరుగుడు
అంకె పెద్దదైతే మేలు కాదండీ. జీఎల్-5 డిఫరెన్షియల్ లాంటి చోట్ల పడే భారానికి తయారైంది. అందులో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు ఎక్కువ. గేరు మారేటప్పుడు పళ్ల వేగం కలిపే ఇత్తడి సింక్రో రింగులకు అవి పడవని భయం. నా రెండో గేరు చలికాలం పొద్దున్నే మొరాయించేది, జీఎల్-4 పోశాక మెత్తబడింది.

గ్రీజుచేతులు
మియాటా మాన్యువల్లోనే రెండూ వాడవచ్చని ఉంది. జీఎల్-4 లేదా జీఎల్-5, చిక్కదనం 75డబ్ల్యూ-90. తెరిచి చదవండి మేడమ్.

పొద్దుతిరుగుడు
చదివాను. మీ స్లేవ్ సిలిండర్ గురించి కూడా అందులో ఒక పేజీ ఉంది.

రెండు స్ట్రోకుల రాజు (నెల్లూరు)
ఆయిల్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నా రాజ్‌దూత్ 350లో ఎవరో కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారింది. జేఏఎస్‌ఓ ఎంఏ అని రాసి ఉన్న మోటారుసైకిల్ ఆయిల్ పోశాక నెమ్మదిగా కుదుటపడింది. ఎర్రబండి గారు కూడా ముందు ఆయిల్ మార్చి చూడాలి.

తీరికలేనివాడు
రాజుగారూ, మీ బండి క్లచ్ ఆయిల్లో మునిగి ఉంటుంది. కారు క్లచ్ పొడిగా ఉంటుంది. దానికి ఆయిల్ తగలడమే జబ్బు!

వాల్తేరు మేస్త్రి
ఏ ఆయిలైనా 90 నంబరు పోసి నడిపాం. ఒక్క గేరూ అరగలేదు.

ఎర్రబండి
అందరికీ ధన్యవాదాలు. హ్యూస్టన్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకో విషయం, పాత యజమాని ఇచ్చిన కాగితాల్లో క్లచ్ మాస్టర్ సిలిండర్ (పెడల్ దగ్గర ద్రవాన్ని నెట్టేది) మార్చిన బిల్లు దొరికింది. దానికి ఏమైనా సంబంధం ఉందా?

తీరికలేనివాడు
ఉంది! ఇది మొదటే చెప్పవలసింది. పెడల్‌ను వేలితో నొక్కి చూడండి. మొదట్లో కొన్ని మిల్లీమీటర్లు తేలిగ్గా కదలాలి. అసలు కదలకపోతే, పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్‌కు వెళ్లే పుష్‌రాడ్‌ను ఎక్కువ పొడుగుగా బిగించారని అర్థం. అప్పుడు మాస్టర్ సిలిండర్‌లో ద్రవం వెనక్కి వెళ్లే రంధ్రం మూసుకుపోతుంది. బండి వేడెక్కేకొద్దీ ద్రవం వ్యాకోచించి, మీ కాలు పెడల్ మీద లేకపోయినా క్లచ్‌ను కొంచెం తొక్కిపట్టి ఉంచుతుంది. వేడి మీద జారుతున్నప్పుడు పక్కన ఆపి, స్లేవ్ సిలిండర్ బ్లీడర్ స్క్రూ (ద్రవాన్ని బయటికి వదిలేది) ఒక్క క్షణం వదులు చేయండి. ద్రవం చిమ్మి, ఆ తర్వాత జారుడు ఆగితే దోషి ప్లేటు కాదు. అయితే అలా జారుతూ ఎన్నాళ్లు నడిచిందో, ప్లేటు కూడా ఈపాటికి కాలిపోయి ఉండవచ్చు.

గ్రీజుచేతులు
అంటే హైడ్రాలిక్స్‌లోనే లోపం. నేను మొదటి జవాబులో చెప్పింది అదే.

తీరికలేనివాడు
కాదు.

ఎర్రబండి
చూశాను. పెడల్‌కు ప్లే అసలు లేదు. స్క్రూ వదులు చేస్తే ద్రవం చిమ్మింది. రాడ్ సరిచేశాక మూడు, నాలుగు గేర్లలో జారుడు పోయింది. ఐదులో ఎక్కువ తొక్కితే ఇంకా కొద్దిగా ఉంది. హ్యూస్టన్‌కు మా ఆవిడ వ్యాన్‌లో వెళ్లాం. దారి పొడవునా ఆమె ఒక్క మాట అనలేదు, అదే భయంగా ఉండింది.

నిన్న గేరుబాక్సు దించాం. గేరుబాక్సునూ డిఫరెన్షియల్‌నూ కలిపే ఆ అల్యూమినియం ఫ్రేము బోల్టులకే సగం రోజు పట్టింది. ప్లేటు రివెట్లదాకా అరిగింది, ఫ్లైవీలు మీద నీలం మచ్చలు. సీలు పొడిగానే ఉంది, అయినా పొద్దుతిరుగుడు గారి ఫ్రిజ్ తలచుకుని మార్చాను. 1.6కు వచ్చే 200 మిల్లీమీటర్ల ప్లేటు బదులు 1.8 బండి ఫ్లైవీలు, 215 మిల్లీమీటర్ల సెట్టు వేస్తున్నాను.

గ్రీజుచేతులు
స్లేవ్ సిలిండర్ కూడా మార్చారా?

ఎర్రబండి
మార్చానండీ. లోపల తడిగానే ఉంది.

గ్రీజుచేతులు
అదీ సంగతి.

వాల్తేరు మేస్త్రి
గేరు ఆయిల్ ఏది పోశావు నాయనా?